లేహ్ సంచిలో మొదట ఏం పెట్టాలి?



నెల రోజులుగా మన హాస్టల్లో ఎక్కడ విన్నా లేహ్ మాటే. అన్నం బారులో లేహ్, పంపు దగ్గర లేహ్, స్టడీ అవర్లో మాస్టారు అటు తిరిగితే చాలు మళ్ళీ లేహ్. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి 20 మందిని ఎంపిక చేసి మే నెలాఖరున లద్దాఖ్ లోని లేహ్ పట్నానికి తీసుకెళ్తారని చెప్పిన దగ్గర్నుంచి ఇదే గోల. ఆ 20 మందిలో నేనూ ఉన్నాను. మా ఇంట్లో బడి మెట్టు ఎక్కిన మొదటి మనిషిని నేను. మా అమ్మ ఇప్పటిదాకా రైలు ఎక్కలేదు. నేనేమో ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి విమానం ఎక్కుతానంట. నా సంతోషం ఎంతో మీరే ఊహించుకోండి.

సంతోషంతో పాటు ఒక కాగితం కూడా వచ్చింది. ప్రయాణం ఏర్పాటు చేస్తున్నవారు పంపిన సామాన్ల జాబితా అది. నోటీసు బోర్డు మీద అంటించారు, అందరూ చదివే ఉంటారు. ఆ జాబితా మీద నా అభిప్రాయం చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. నచ్చితే సరే, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పండి.

జాబితా ఎవరి కోసం రాశారు?

అందులో 26 వస్తువులు ఉన్నాయి. థర్మల్ లోబట్టలు రెండు జతలు, ఫ్లీస్ జాకెట్, డౌన్ జాకెట్, ట్రెక్కింగ్ బూట్లు, చలి కళ్ళద్దాలు, సన్ స్క్రీన్, చక్రాల సూట్‌కేసు, ఇంకా చాలా. సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మకి చదివి వినిపించాను. "డౌన్ జాకెట్ అంటే ఏటే?" అంది. బాతు ఈకలు లోపల పెట్టి కుట్టిన కోటు అన్నాను. "అయితే బాతునే కొనీసుకుంటే పోదా, గుడ్లు కూడా పెడతాది" అని నవ్వింది. రేట్లు చెప్పాక మాత్రం నవ్వలేదు. పట్నంలో షాపు ఆయన్ని అడిగితే అన్నీ కలిపి తొమ్మిది వేలు దాటుతుంది అన్నాడు. మా ఇంట్లో కాఫీ డబ్బులు వచ్చేది ఏడాదికి ఒకసారి. అవి వచ్చే ముందే అప్పుల వాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చుంటారు.

మనలో ముగ్గురు ఇప్పటికే "మాకు ఇష్టం లేదు సార్" అని పేర్లు కొట్టించుకున్నారు. వాళ్ళకు ఇష్టం లేక కాదు, బూట్లు లేక. ఇది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కాబట్టి నేను అంటున్నాను.

పోనీ అంత ఖర్చు పెట్టి కొనే జాబితాలో కావలసినవన్నీ ఉన్నాయా అంటే, అవీ లేవు. ఆడపిల్లలు 20 మంది పది రోజులు ఊరు కాని ఊరు వెళ్తుంటే నెలసరి గుడ్డల గురించి గాని, ప్యాడ్ల గురించి గాని ఒక్క మాట లేదు. గెడ్డం గీసుకునే సామాను మాత్రం పదిహేడో నెంబరులో ఉంది. పట్నంలో ఉద్యోగాలు చేసే మగవారి కోసం రాసిన జాబితాను పేరు మార్చి మనకు పంపించారు కాబోలు.

నా అభిప్రాయం ఏమనగా, సంచి సర్దే ముందు అక్కడికి వెళ్తే మన ఒంటికి ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. అది తెలిస్తే ఏది ముందు పెట్టాలో, ఏది ఒగ్గేయాలో మనకే తెలుస్తుంది.

మన కొండ వేరు, ఆ కొండ వేరు

"మనం కొండోళ్ళమే కదా, మనకేటవుద్ది" అని చాలామంది అంటున్నారు. ఇది తప్పు. లెక్క చూడండి. మన పాడేరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. తూర్పు కనుమల్లో చాలా ఎత్తయినదని చెప్పే మన జిందగడ శిఖరం సుమారు 1,690 మీటర్లు. లేహ్ పట్నం సుమారు 3,500 మీటర్లు. అంటే జిందగడ మీద ఇంకో జిందగడ పెట్టినా లేహ్ బజారు ఇంకా పైనే ఉంటుంది. మనం ఎక్కే కొండ అక్కడి వారికి లోయ కింద లెక్క.

ఎత్తుకు వెళ్తే గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గుతుందని కొందరు అనుకుంటారు. పాలు అక్కడా ఇక్కడా ఒకటే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి పీడనం. పైన గాలి పలచన. లేహ్‌లో గాలి పీడనం సముద్రపు ఒడ్డున ఉండే పీడనంలో ఇంచుమించు మూడింట రెండు వంతులే. అంటే ఇక్కడ మూడు దోసిళ్ళు తాగినంత పని చేస్తే అక్కడ రెండు దోసిళ్ళే దొరుకుతాయి. అందుకని కొత్తగా వెళ్ళినవారికి తలనొప్పి, వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం వస్తాయి. ఇది బలం లేనివాళ్ళకే వస్తుందని ఏమీ లేదు. కబడ్డీలో మొదటి బహుమతి వచ్చిన అమ్మాయికి కూడా రావచ్చు. కొద్దిమందికి ఇది ముదిరి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, లేదా మెదడు వాస్తుంది. అప్పుడు ప్రాణానికే ముప్పు.

ఇప్పుడు చెప్పండి, ఈ ముప్పుకు బాతు ఈకల కోటు అడ్డం పడుతుందా?

మొదటి వస్తువు: కార్డు

సంచిలో అన్నిటికంటే ముందు పెట్టవలసినది సికిల్ సెల్ పరీక్ష కార్డు అని నా అభిప్రాయం. 26 వస్తువుల్లో అది లేదు. మన లాంటి గిరిజన పిల్లల్ని తీసుకెళ్ళేవారు దాన్ని ఎలా మరిచిపోయారో నాకు అర్థం కాలేదు.

చిన్న తరగతుల చెల్లెళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. మన నెత్తుటిలో ఎర్ర కణాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. సన్న నాళాల్లో కూడా వంగి దూరిపోతాయి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళలో ప్రాణవాయువు తగ్గితే ఆ కణాలు కొడవలి లాగా వంకర తిరిగి గట్టిపడతాయి. నాళాల్లో అడ్డం పడతాయి. ఎముకల్లో, డొక్కలో చెప్పలేనంత నొప్పి వస్తుంది. ప్రాణవాయువు తక్కువ దొరికే చోటికి ఆ జబ్బు ఉన్న మనిషిని తీసుకెళ్ళడం అంటే గడ్డివాము పక్కన నెగడు వేసినట్టు.

అమ్మ నుంచి, అయ్య నుంచి ఇద్దరి నుంచీ ఆ గుణం వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే వాహకులు అంటారు. వాహకులు మామూలుగా అందరిలాగే ఉంటారు, ఆడతారు, పరిగెడతారు. కాని బాగా ఎత్తయిన చోట వాళ్ళలో కొందరికి ప్లీహం దెబ్బతిని ఎడమ డొక్కలో నొప్పి రావచ్చు. కాబట్టి జబ్బు ఉన్నవారు అంత ఎత్తుకు వెళ్ళరాదు. వాహకులు డాక్టర్ గారు చూసి సరే అంటేనే వెళ్ళాలి.

ఇది మన గిరిజనుల్లో ఎందుకు ఎక్కువ? ఏదో పాపమనో, గాలి సోకిందనో ఊళ్ళో అంటారు. అదేం కాదు. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో కనుక్కున్నారు. వాహకులకు మలేరియా అంతగా ముదరదు. మలేరియా ఎక్కువున్న అడవుల్లో తరతరాలుగా బతికిన జాతుల్లో ఆ గుణం ఉన్నవారు ఎక్కువగా బతికి బట్టకట్టారు. పిల్లలకు అది అందింది. అంటే మన తాతల్ని మలేరియా నుంచి కాపాడిన గుణమే ఇద్దరు వాహకులకు పుట్టిన కొందరు పిల్లల్లో జబ్బు అయింది. ఇందులో సిగ్గుపడవలసింది ఏముంది?

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు వారికి పరీక్ష చేసి కార్డులు ఇస్తున్నారు. మనలో చాలామందికి పరీక్ష అయింది. కాని ఆ కార్డు ఎక్కడ ఉందంటే ఇంటికాడ బియ్యం డబ్బా కిందో, అమ్మ పెట్టెలోనో ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. మనలో ఒక అమ్మాయి కార్డు పోయిందని చెప్దామనుకుంటోంది. పేరు రాయను. ఆమెకు చెప్పి, ఆమె ఊ అన్నాకే ఈ మాట రాస్తున్నాను. "చూపిస్తే నా పేరు కొట్టేస్తారు. విమానం ఎక్కే రాత ఇంకెప్పుడు వస్తాది?" అని ఆమె మాట. నేను ఆమెకు ప్రాణం కంటే విమానం ఎక్కువా అని నీతి చెప్పగలను. కాని ఆమె తప్పు మాత్రమే చూడడం న్యాయం కాదు. నిజం చెప్పినందుకు పేరు కొట్టేసి, ఇంటికి పంపించేసి, మిగతా వాళ్ళు తిరిగొచ్చి ఫొటోలు చూపిస్తుంటే చూస్తూ కూర్చోమంటే ఎవరు మాత్రం నిజం చెబుతారు? నిజం చెప్పినవాళ్ళకు నష్టం లేకుండా చేయవలసింది పెద్దవాళ్ళు.

అందుకు నాకు తోచిన దారి ఒకటుంది. డాక్టర్ గారు వద్దన్న పిల్లలకు అవే రోజుల్లో, అన్నే రాత్రులు ఉండేటట్టు, అంతే ఖర్చుతో సముద్రపు ఒడ్డు ప్రయాణం పెట్టాలి. విశాఖపట్నం, అక్కడ ఒడ్డున ఉన్న కురుసుర జలాంతర్గామి, అక్కడి నుంచి రైల్లో కన్యాకుమారి. సముద్రం దగ్గర గాలికి లోటు లేదు. మనలో సగం మంది సముద్రం చూడలేదు. అప్పుడు కార్డు చూపించినవాళ్ళకు పోయేది ఏమీ ఉండదు. ఒకరు కొండకి వెళ్ళారు, ఒకరు కడలికి వెళ్ళారు అనుకుంటాం.

కార్డుతో పాటు రక్తం ఎంత ఉందో కూడా చూడాలి. మన వయసు ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములైనా ఉండాలి. అంతకు తక్కువైతే రక్తహీనత. ప్రాణవాయువును మోసేదే హిమోగ్లోబిన్. అసలే మోయవలసిన సరుకు తక్కువ దొరికే చోట మోసే కూలీలు కూడా తక్కువైతే ఏమవుతుంది? వారం వారం ఇచ్చే ఐరన్ మాత్రలు కొందరు కిటికీలోంచి పారేస్తున్నారు. కిటికీ కింద నేల నీలంగా మెరుస్తోంది, వెళ్ళి చూడండి. లేహ్ సామాను కొనడం రేపటి మాట. ఆ మాత్ర ఈ వారం మింగండి.

రెండవది: రెండు ఖాళీ రోజులు

జాబితాతో పాటు కార్యక్రమాల కాగితం ఒకటి ఉంది. దాని ప్రకారం దిగిన రోజు సాయంత్రమే శాంతి స్తూపం వందల మెట్లు ఎక్కాలి. మర్నాడు ఖర్దుంగ్ లా కనుమకు వెళ్ళాలి. ఆ కనుమ ఎత్తు 5,300 మీటర్ల పైమాటే.

ఢిల్లీ సుమారు 220 మీటర్ల ఎత్తున ఉంది. విమానం గంటన్నర లోపే మనల్ని 3,500 మీటర్ల దగ్గర దించేస్తుంది. ఒంటికి సంగతి తెలియకముందే మనిషి చేరిపోతుంది. లేహ్‌కు విమానంలో వెళ్ళినవారు మొదటి రెండు రోజులు విశ్రాంతిగా ఉండాలని అక్కడి డాక్టర్లు చెబుతారు. గదిలో కూర్చోవడం, మెల్లగా నడవడం, నీళ్ళు తాగడం, అంతే. ఆ రెండు రోజుల్లో ఒళ్ళు తనంతట తానే ఊపిరి లోతుగా తీయడం నేర్చుకుంటుంది.

మా అయ్య కావిడి మోస్తాడు. ఘాట్ ఎక్కేటప్పుడు మొదటి మలుపు దగ్గరే ఆగి కూర్చుంటాడు. అలుపు రాకముందే ఎందుకు అయ్యా అంటే "అలుపొచ్చాక కూకుంటే లెగలేం" అంటాడు. ఏ పుస్తకం చదవని మా అయ్యకు తెలిసినది ఆ కార్యక్రమం వేసినవారికి తెలియలేదు.

కాబట్టి సంచిలో రెండు ఖాళీ రోజులు కూడా సర్దుకోవాలి అంటున్నాను. వాటికి బరువు లేదు, ధర లేదు. ఆ రెండు రోజులు గదిలో ఆడుకోవడానికి గవ్వలు, చింతగింజలు పట్టుకెళ్దాం. రాసుకోవడానికి నోటు పుస్తకం పట్టుకెళ్దాం. ఖర్దుంగ్ లా ఎక్కడికీ పారిపోదు.

ఇంకో మాట. తలనొప్పి వస్తే దాచకూడదు. "మేడమ్ తిడతారు, తిరగనివ్వరు" అని దాస్తే ముదిరిపోతుంది. తలనొప్పి ఉండగా ఇంకా పైకి పోకూడదు, ఎక్కువైతే కిందికి దిగాలి. మన ఊళ్ళలో రోడ్డు లేక మనుషుల్ని డోలీ కట్టి మోసుకొస్తాం, ఆలస్యమైతే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. లేహ్‌లో పెద్దాసుపత్రి ఉంది, ఆక్సిజన్ ఉంది. చెప్పడమే మన పని. డయామాక్స్ అనే మాత్ర ఉందని, వేసుకుంటే ఏమీ కాదని ఒకరు అంటున్నారు. అది డాక్టర్ గారు చూసి ఇస్తేనే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివారికి అది ప్రమాదం. మందులన్నీ మేడమ్ గారి పెట్టెలో ఉండాలి, మన సంచుల్లో వద్దు.

మూడవది: బట్టలు

ఇప్పుడు బట్టలకు వద్దాం. మే నెలాఖరులో లేహ్‌లో పగలు ఎండ బాగానే ఉంటుంది. రాత్రి మాత్రం మన లంబసింగి డిసెంబరు చలిని గుర్తు చేస్తుంది. వాన చాలా తక్కువ. ఏడాది మొత్తానికి కురిసేది మనకు శ్రావణంలో రెండు మూడు రోజుల్లో కురిసేంత. అందుకని గొడుగు, రైన్ కోటు ఒగ్గేయవచ్చు.

ఒకే ఒక లావు కోటు కంటే మూడు పలచని బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మంచిది. బట్టకి బట్టకి మధ్య చిక్కుకున్న గాలి వేడిని పోనివ్వదు. ఎండ ఎక్కితే పైది తీసేయవచ్చు, నీడలోకి వస్తే వేసుకోవచ్చు. అక్కడ ఎండకీ నీడకీ చాలా తేడా. లోపల ఒంటికి అంటుకునే బనీను, దాని మీద ఉన్ని స్వెట్టరు, పైన గాలి దూరని కోటు. బనీను, స్వెట్టరు మనలో చాలామందికి ఉన్నాయి. పైన కోటు ఒక్కటే కావాలి. లేహ్ బజారులో కోట్లు, బూట్లు అద్దెకు ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. పది రోజుల కోసం జీవితకాలం కోటు కొనడం ఎందుకు?

చెవులు మూసే ఉన్ని టోపీ, రెండు మూడు జతల ఉన్ని మేజోళ్ళు తప్పనిసరి. చెమట పట్టిన మేజోళ్ళతో పడుకోరాదు, తడి చలిని లాగుతుంది. పట్నంలో తిరగడానికి మన స్కూలు బూట్లు చాలు. ఎవరైనా కొత్త బూట్లు కొంటే మాత్రం నెల ముందే తొడిగి నడవండి. కొత్త బూటు కొత్త ఊరు రెండూ ఒకేసారి పనికిరావు, బొబ్బలెక్కుతాయి. మామ్మ కంబళి ఉన్నవాళ్ళు సిగ్గుపడకుండా తెచ్చుకోండి. ఫ్లీస్ అని రాసి ఉంటేనే వెచ్చగా ఉంటుందని ఏమీ లేదు.

ఎండ అక్కడ పదునుగా ఉంటుంది. పలచని గాలి ఎండను ఆపలేదు. కళ్ళద్దాలు అందుకే. అవి ఒక్కటి మాత్రం అందరికీ కావాలి. పెదాలు పగలకుండా వాజ్‌లైన్ పెట్టుకోండి. కొబ్బరి నూనె సీసా తెస్తే ఆ చలికి గడ్డ కట్టి సీసాలోంచి రాదు. చిన్న డబ్బాలో తెచ్చుకుని వేలితో తీసుకోవాలి. నెలసరి సామాను ఎవరిది వాళ్ళు తప్పకుండా పెట్టుకోండి, మేడమ్ గారి పెట్టెలో కూడా అదనంగా ఉండాలి.

తిండి, నీళ్ళు

బియ్యం, పప్పు పట్టుకెళ్దామని కొందరు అంటున్నారు. వద్దు. పీడనం తక్కువ ఉన్న చోట నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. లేహ్‌లో సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో పప్పు గంటలు ఉడికినా పలుకే. భౌతిక శాస్త్రం మాస్టారు చెప్పినప్పుడు ఇది పరీక్షకే అనుకున్నాం.

దాని బదులు వేయించిన చోడిపిండి, బెల్లం పట్టుకెళ్దాం. వేడి నీళ్ళలో కలిపితే అంబలి. లద్దాఖ్ వాళ్ళు కూడా ప్రయాణాల్లో వేయించిన బార్లీ పిండి వెంట తీసుకెళ్తారు. దాన్ని త్సంపా అంటారు. ఇంత దూరాన ఉన్న రెండు కొండల వాళ్ళకు ఒకే ఆలోచన వచ్చింది చూడండి. మంచినీళ్ళ సీసా ప్రతి ఒక్కరికీ ఉండాలి. అక్కడి గాలి పొడి, దాహం తెలియకుండానే ఒళ్ళు ఎండిపోతుంది.

వాళ్ళూ గిరిజనులే

లద్దాఖ్ జనంలో ఎక్కువ మంది షెడ్యూల్డ్ తెగల వారే. ఇది చదివినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. మనం వెళ్తున్నది మన లాంటి వాళ్ళ ఇంటికే. చాంగ్‌పా అనే తెగవారు ఎత్తు మైదానాల్లో మేకలు మేపుతారు. పశ్మీనా శాలువలకు ఉన్ని ఆ మేకలదే. ఆ శాలువ కప్పుకునే వారికి ఆ మేకలు కాసే వారెవరో తెలియదు, మన కాఫీ తాగే వారికి మనం తెలియనట్టే.

చుట్టాల ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళం కదా. ఒక్కొక్కరం చిన్న పొట్లం కాఫీ గింజలో, మన పసుపో, మిరియాలో పట్టుకెళ్దాం. ప్లాస్టిక్ సంచుల్లో వద్దు. లేహ్‌లో ఆడవాళ్ళ సంఘం పోరాడి 1998లో ప్లాస్టిక్ సంచులను ఆపించింది. మనకు అడ్డాకులు, గుడ్డ సంచులు ఉండనే ఉన్నాయి. అక్కడ నీళ్ళు మంచు కరిగితే వచ్చేవే, కనుక బట్టలు ఉతుకుతూ కూర్చోకుండా వాడుకోవాలి. ఎవరైనా ఎదురైతే "జూలే" అనండి. నమస్కారానికి, ధన్యవాదాలకు రెండింటికీ అదే మాట.

నా కోరికలు

ఇవన్నీ ఆలోచించి వార్డెన్ మేడమ్ గారిని, హెడ్మాస్టరు గారిని ఈ కింది విషయాలు కోరుతున్నాను.

1. జాబితాలో "తప్పనిసరి", "ఉంటే మంచిది" అని రెండు గీతల కింద విడదీసి మళ్ళీ రాయాలి. తెలుగులో రాయాలి. మన ఇళ్ళలో చదివి వినిపించేది మేమే.

2. 20 మందికీ, మానుకున్న ముగ్గురికీ కూడా ఈ నెలలోనే సికిల్ సెల్, హిమోగ్లోబిన్ పరీక్షలు చూపించాలి. ఫలితం అందరి ముందు చదవకుండా ఎవరిది వాళ్ళకు చెప్పాలి.

3. డాక్టర్ గారు వద్దన్నవారికి సముద్రం ప్రయాణం ముందే ప్రకటించాలి. పరీక్ష అయ్యాక ప్రకటిస్తే లాభం లేదు, అప్పటికే కార్డులు పోతాయి.

4. చలి బట్టల కోసం ఒక ఉమ్మడి పెట్టె ఉండాలి. 20 మంది తొమ్మిదేసి వేలు పెడితే 1,80,000 రూపాయలు. అందులో చిన్న భాగంతో కోట్లు, టోపీలు, కళ్ళద్దాలు కొని, మిగతావి అక్కడ అద్దెకు తీసుకోవచ్చు. తిరిగొచ్చాక ఉతికి, వేపాకు వేసి, రిజిస్టరులో రాసి పెట్టెలో పెట్టాలి. వచ్చే ఏడాది వెళ్ళేవారికి అవే. డిసెంబరులో జ్వరం వచ్చి సిక్ రూములో పడుకునే చెల్లెళ్ళకు కూడా పనికొస్తాయి.

5. మొదటి రెండు రోజుల కార్యక్రమం కొట్టేయాలి.

6. పేర్లు కొట్టించుకున్న ముగ్గురినీ పిలిచి మళ్ళీ అడగాలి.

ఉమ్మడి పెట్టె అంటే దానం అడుక్కోవడం అని కొందరు అక్కలు అన్నారు. నేను ఒప్పుకోను. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్ళ 11 నెలలు. మన వయసే. తెలంగాణలోని పల్లెటూరి గిరిజన అమ్మాయి, మనలాగే ప్రభుత్వ గురుకులం హాస్టల్లో చదివింది. అదే రోజు ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్ళు ముందు భువనగిరి బండ ఎక్కడం నేర్చుకున్నారు, తర్వాత దార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో శిక్షణ పొందారు. మెట్టు మెట్టుగా పైకి వెళ్ళారు. కూలి చేసుకునే పూర్ణ అమ్మానాన్నలు ఆ బూట్లు, ఆ కోట్లు కొన్నారా? లేదు. గురుకులం వెనక నిలబడింది. దాన్ని ఎవరూ దానం అనలేదు. ఆమె ఎక్కితే అందరం ఎక్కినట్టే అనుకున్నాం. మనకు అడిగేది ఎవరెస్ట్ కాదు, ఒక ట్రంకు పెట్టె.

అక్కలారా, చెల్లెళ్ళారా, ఈ ఆదివారం ఇంటి నుంచి ఎవరైనా చూడడానికి వస్తే కారప్పూస బదులు కార్డు తెమ్మని కబురు పెట్టండి. కార్డులో ఏమి రాసి ఉన్నా అది మీ తప్పు కాదు. మేడమ్ గారికి చూపించండి. వాళ్ళు న్యాయం చేస్తారని నా నమ్మకం.

నేను రాసినదానిలో ఎవరినీ నొప్పించాలని లేదు. కాదనేవారి కోసం ఈ వ్యాసం కింద ఒక ఖాళీ కాగితం అంటించాను. పెన్సిలు దారంతో కట్టి ఉంది. మీ అభిప్రాయం రాయండి. దయచేసి పెన్సిలు పట్టుకుపోకండి.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని